ఎడమకు తిరిగిన ముడి

ఊరి నుంచి వచ్చిన పొట్లానికి కట్టిన ముడిని నేనిప్పుడు కత్తెరతో కోయను.

కువైట్‌లో ఒక శుక్రవారం అబ్బాసియా నుంచి ఎగైలా వెళ్లే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. నాలాగే ఇళ్లలో పనిచేసే మనిషి. కోనసీమలో సముద్రపొడ్డు ఊరట. ఒళ్లో ఎండుచేపల పొట్లం ఉంది.

"ఎవురు పంపినారక్కా?" అన్నాను.

"మా ఆడబడుసు. మా ఆయన పంపుతాడేంటి? ఇక్కడికి వత్తానంటే 'పో, మళ్లీ నా గుమ్మం తొక్కొద్దు' అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆయనకేనా రోసం? నాకు లేదా?"

అంటూనే పొట్లానికి కట్టిన వలదారం విప్పబోయి ఆగిపోయింది.

"ఇది ఆయనేసిన ముడే," అంది మెల్లగా. "ఎడంచేతి వాటం. వల కట్టినా ఆయన ముడి ఎడం పక్కకే తిరుగుద్ది."

"అయితే ఒకసారి ఫోన్ చెయ్యక్కా."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆ అద్దం తెరుచుకునే రకం కాదు.

"సేత్తే వచ్చెయ్యమంటాడు. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది, అడిగినా ఇవ్వదు." మామా అంటే ఆమె యజమానురాలు. "ఇరుక్కుపోయానని తెలిత్తే ఆయన మనసెట్టి సముద్రం మీద ఏటకెల్లగలడా? రోసంతోనే రాలేదనుకోనీ."

ఎగైలా వచ్చేలోపు గోళ్లతోనే ముడి మొత్తం విప్పింది. పొట్లం నా ఒళ్లో పెట్టింది.

"ఈ వాసన ఆ ఇంట్లోకి రానివ్వరు. నువ్వు తిను సెల్లే."

దారాన్ని మాత్రం చుట్టచుట్టి, రవికలో దోపుకుని దిగింది.