పోయిండంటే ఎటు పోయిండని అడగలేదు

నా ఉద్యోగ జీవితంలో నేను ఒకే ఒక్క మనిషిని చంపాను. అదీ ఆదివారం పేజీలో, రంగుల ఫొటో పక్కన.

అప్పట్లో నాకు మూడు పనులు. పత్రికకు ఫీచర్లు రాయడం, తీరిక దొరికితే కథలు అల్లడం, శనివారాలు ఇబ్రహీంపట్నం లైబ్రరీ మేడమీద కొత్త రచయితలకు పాఠాలు చెప్పడం. మూడింట్లోనూ నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. ఆ నమ్మకం నాకొక్కదానికే ఉండేదని తర్వాత తెలిసింది.

కోహెడలో చామంతి తోట ఒంటిచేత్తో సాగుచేస్తున్న లక్ష్మమ్మ దగ్గరికి వెళ్లాను. మాటల మధ్యలో, "మీ ఇంటాయన?" అన్నాను.

"పోయిండు బిడ్డా. మూడేండ్లాయె. గప్పటిసంది అంత నేనే."

ఆమె కళ్లలో నీళ్లు. నేను నోట్‌బుక్ మూసేశాను. ఇంకో ప్రశ్న అడగడం క్రూరత్వమనిపించింది. నిజం చెప్పాలంటే, నాలోని కథకురాలికి ఇంకో ప్రశ్న అక్కర్లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే! జబ్బూ లేదు, ప్రమాదమూ లేదు, నేను ఏకంగా మనిషికి దినాలు పెట్టేశాను.

శనివారం ఆ వ్యాసం క్లాసులో చదివాను. బస్సు కండక్టరుగా రిటైరై కథలు నేర్చుకుంటున్న యాదగిరన్న చెయ్యెత్తాడు.

"మేడం, ఆయన ఎట్ల పోయిండు?"

"అన్నా, గది అడుగుతరా? రాసెటోళ్లకు జర మనసుండాలె."

"మనసు సంగతి కాదు మేడం. మా బస్సుల ఎవలన్న పోవాలె అంటే, ఎక్కడికని అడిగినంకనే టికెట్ కొట్టెటోన్ని."

అందరూ నవ్వారు. నేను మాత్రం మౌనంలోని సౌందర్యం గురించి అరగంట ఉపన్యసించాను. పాపం, రాసుకున్నారు కూడా.

ఆదివారం వ్యాసం వచ్చింది. సోమవారం ఫోన్ వచ్చింది.

"లక్ష్మమ్మ మొగన్ని మాట్లాడుతున్న."

"ఏ లక్ష్మమ్మ?"

"కోహెడ లక్ష్మమ్మ. నేను సచ్చిపోయిన్నట గద!"

మల్లయ్య పోయింది షోలాపూర్‌కు, గోదాములో పనికి. నా కాళ్ల కింద నేల కూడా అటే పోయింది. మా ఎడిటర్ సవరణ రాసిమ్మన్నారు. అది రాసేముందు లక్ష్మమ్మ ముందు నిలబడాలనిపించి, ఆ సాయంత్రమే యాదగిరన్నను తోడు తీసుకుని ఆటో ఎక్కాను. ఎటు పోవాలో డ్రైవరుకు ఆయనే రెండుసార్లు చెప్పాడు, నావైపు చూస్తూ. తిట్టినా బాగుండేది.

వాకిట్లో పరామర్శకొచ్చిన చుట్టాలు, వాళ్ల మధ్య మంచంమీద మీసం దువ్వుకుంటూ మల్లయ్య. లక్ష్మమ్మ మాత్రం నవ్వడం లేదు.

"నిన్న బొట్టు పెట్టుకొని బయటికి పోతే ఊరంత నన్నే జూసె బిడ్డా. ఎటు పోయిండని ఒక్క మాట అడగరాదా?"

"మీ కండ్లల్ల నీళ్లు చూసి..."

"గా దినం పొద్దుగాల చెట్లకు మందు కొట్టిన. కండ్లు మండినయ్."

చేతులు జోడించాను. నేను దయ అనుకున్నది ఆమె వీధిలోకి వెళ్లలేకుండా చేసిందని అప్పుడు అర్థమైంది. ఆమె దుఃఖం గౌరవించానని గర్వపడ్డాను గానీ, ఆమె మాటే సరిగా వినలేదు, నుదుటి బొట్టూ చూడలేదు.

మల్లయ్యే ఆదుకున్నాడు. "సంపితె సంపినవ్ గని మేడం, మస్తు మంచిగ రాసినవ్. ఆలిని ఏనాడు ఒక మాటనలేదని, పండుగకు చీర మరువలేదని... షోలాపూర్ల ఫోన్ల సదువుతుంటె నాకే ఏడ్పొచ్చింది. నా గురించి మా లక్ష్మి గిట్ల చెప్పిందా అని పని ఇడిసిపెట్టి బస్సెక్కిన."

చుట్టాలు తలలూపారు. లక్ష్మమ్మ నావైపు చూసింది. నేను చామంతుల వైపు చూశాను.

"గవి నేను చెప్పలే," అంది లక్ష్మమ్మ. "సచ్చినోని గురించి అందరు గట్లనే రాస్తరు. బతికొచ్చిండు గద, ఇప్పుడు నేను చెప్త. రాసుకో."

రాసుకున్నాను. పదకొండు పేజీలు. మల్లయ్య మీసం దువ్వడం రెండో పేజీలోనే ఆపేశాడు.

కాబట్టి పాఠకులారా, గుండెమీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మొగుడి గురించైనా సరే, ఉన్నా, పోయినా, ఎటు పోయినా, పెళ్లాం నోట రాని మంచిమాట ఒక్కటి కూడా రాయను.