సగం దగ్గర ఆగిన ముల్లు

డెబ్బైల మొదట్లో మా నాన్నగారు ఒక పాత ఇంగ్లీషు కారు కొన్నారు. అప్పటికే దానికి ఇరవై ఏళ్లు. ఆయన విజయవాడలో హైస్కూలు సైన్సు మాస్టారు. లాబ్‌లో ఏది చెడినా తనే బాగుచేసేవారు. కారులో పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు మాత్రం ఆయనకు లొంగలేదు. టాంకు నిండా పోయించినా అది సున్నా మీదే పడుకుని ఉండేది.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఆయన డిక్కీలో తల దూర్చారు.

"అమ్మాయ్, టాంకు వైరు ఊడదీశాను. ముల్లు కదిలిందా?"

"నిండుగా చూపిస్తోంది నాన్నగారూ."

"ఇప్పుడు తగిలించాను."

"పడిపోయింది."

ముల్లూ వైరూ బాగానే ఉన్నాయి, జబ్బు టాంకులోనే ఉందని తేల్చారు. పెట్రోలు మీద తేలుతూ ముల్లును నడిపించే ఇత్తడి బుడ్డి ఒకటి లోపల ఉంటుంది. దాన్ని బయటికి తీసి చెవి దగ్గర ఊపితే పెట్రోలు గలగలమంది. బుడ్డికి చిల్లు పడింది. తేలాల్సింది మునిగిపోతోంది. దాన్ని బాగా ఆరబెట్టి, గిన్నెలకు మాటు వేసే అతని చేత మాటు వేయించి, మళ్లీ బిగించారు. పెట్రోలు పోయగానే ముల్లు లేచి సగం దగ్గర నిలబడింది. నాన్నగారు వంటింట్లో ఉన్న అమ్మను పిలుచుకొచ్చి మరీ చూపించారు.

ఆ తరువాత పది రోజులకు, మైలవరంలో ఉండే పెద్దమ్మ పోయిందని పొద్దున్నే కబురొచ్చింది. మూడింటికి సమాధి చేస్తారట. అమ్మకు మిగిలిన తోబుట్టువు ఆవిడొక్కతే.

"బస్సులో పోదామండీ," అంది అమ్మ.

"కారుండగా బస్సెందుకు? గంటన్నరలో అక్కడుంటాం."

ఆయన స్కూల్లో హెడ్మాస్టారు వచ్చేదాకా ఆగి, సెలవు చెప్పి వచ్చేసరికి పన్నెండు దాటింది. అమ్మ వెనక సీట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. గొల్లపూడి దాటాక ముల్లు వైపు చూశాను. సగం. ఇబ్రహీంపట్నంలో పెట్రోలు బంకు వచ్చినప్పుడూ సగమే. ఈ పది రోజులూ ఊళ్లో తిరుగుతూనే ఉన్నాం, అది వెంట్రుకవాసి కూడా దిగలేదని అప్పుడు తట్టింది. చెప్పాలనుకున్నాను. ఆయన ఎంత కష్టపడి బాగుచేశారో తలచుకుని ఊరుకున్నాను. బంకు వెనక్కి వెళ్లిపోయింది.

జి.కొండూరు దాటిన కాసేపటికి కారు రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. నాన్నగారు బానెట్ తెరిచి ప్లగ్గులు తుడిచారు. కార్బురేటర్ విప్పి ఊదారు.

"నాన్నగారూ, పెట్రోలు ఉందో లేదో చూడండి."

"సగం ఉందిగా, నీ ఎదురుగానే ఉంది చూడు."

ఇంకో అరగంట గడిచింది. ఎండ మండుతోంది. మైలవరం బస్సు కిక్కిరిసి వచ్చింది. అమ్మ చెయ్యెత్తింది. అది ఆగకుండానే పోయింది. చివరికి నాన్నగారు డిక్కీ దగ్గరికి వెళ్లి కారును అటూ ఇటూ ఊపారు. టాంకులో ఏ చప్పుడూ లేదు. బుడ్డి సగం దగ్గరే ఇరుక్కుపోయిందన్నమాట. ఆయన రోడ్డు పక్కన కంకర మీద కూర్చుండిపోయారు. చేతులు నల్లగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గాలిలోనే పట్టుకున్నారు.

నాలుగు కావస్తుండగా ఒక లారీ ఆగింది. డ్రైవరు మా ఇద్దరినీ ముందు ఎక్కించుకున్నాడు. కారును వదిలి నాన్నగారు రాలేకపోయారు.

మేం చేరేసరికి అంతా అయిపోయింది. పెద్దమ్మ కొడుకు సమాధుల తోట గేటు దగ్గర ఎదురొచ్చి, "చాలాసేపు చూశాం పిన్నీ, ఈ ఎండలో ఇక ఉంచలేకపోయాం," అన్నాడు. అమ్మ తలూపింది. పచ్చిమట్టి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను. బంకు దగ్గర నేను చూసింది ఆమెకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ రోజే కాదు, ఆ తరువాత కూడా చెప్పలేకపోయాను.

పొద్దుగూకే వేళకు నాన్నగారు ఎలాగో పెట్రోలు సంపాదించి కారుతో వచ్చారు. పెద్దమ్మ ఇంట్లోకి రాకుండా వీధి అరుగు దగ్గరే నిలబడ్డారు. అమ్మ చెంబుతో నీళ్లు తీసుకెళ్లింది.

"నా వల్ల..." అన్నారాయన.

"చేతులు కడుక్కోండి," అంది అమ్మ, నీళ్లు పోస్తూ. "పొద్దుటినుంచీ ఏం తినలేదు మీరు."

ఆయన కడుక్కుంటూనే ఉన్నారు. గ్రీజు వదల్లేదు. అమ్మ లోపలికి వెళ్లి ఇంకో చెంబు నీళ్లు తెచ్చింది.