గాలిలో నిలిచిన అయస్కాంతం

ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్ళు సింగపూరుకు విమానాల నిండా దిగుతున్న రోజుల్లో, నేనూ అక్కా భౌతికశాస్త్రం పట్టుకుని కూర్చున్నాం. అక్క అంటే తోడబుట్టినది కాదు. పరిశోధనలో నాకంటే ఏడాది ముందు, కాకినాడ మనిషి. హౌగాంగ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం, ల్యాబ్‌లో ఒకే ప్రయోగం మీద పనిచేసేవాళ్ళం.

అణువుల లోకంలోని వింతలు మామూలు కంటికి కనబడవని నేను నమ్మేదాన్ని. కనబడే చోటు చూపింది ఆవిడే. నల్లటి పింగాణీ బిళ్ళను ద్రవ నైట్రోజన్‌తో బాగా చల్లబరిచి, దానిపై చిన్న అయస్కాంతం వదిలింది. అది బిళ్ళను తాకకుండా గాలిలో నిలబడింది. వేలితో తోస్తే గిర్రున తిరిగింది.

"లోపల కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఒక్క కట్టు మీద ఉన్నాయే. అందుకే ఆ వింత మన కంటిదాకా వచ్చింది," అంది.

ఆ ఏడే పాయా లేబర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను రమ్మంది. సంబరంగా అక్కకు చెప్పాను.

"నువ్వెళ్ళిపోతే మన ప్రయోగం ఆగిపోద్దే. ఒక్క ఏడాది ఉండు," అంది.

"నువ్వు చెప్తే యాడికీ పోనక్కా," అన్నాను. మర్నాడే రానని మెయిల్ రాసేశాను.

రెండు నెలలకు, ఒక శనివారం, మా ల్యాబ్‌లో బడిపిల్లలకు ప్రదర్శన పెట్టారు. జ్వరమని అక్క రాలేదు. నేనొక్కదాన్నే అయస్కాంతాన్ని నిలబెట్టాను. ఒక తెలుగు పాప దాని కింద కాగితం జరిపి, "ఆంటీ, నో స్ట్రింగ్ లా!" అని సింగపూరు యాసలో అరిచింది.

వాళ్ళమ్మ నవ్వి, "మీ ల్యాబ్‌లోని కాకినాడావిడ సోమవారం మా ఆఫీసులో జాయిన్ అవుతోందండీ. ఇవాళ పేపర్స్ సైన్ చేయడానికి పిలిచాం," అంటూ కంపెనీ పేరు చెప్పింది. నేను కాదన్న కంపెనీయే. చేరేది అక్కే.

తర్వాతి గుంపుకు ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

గదికి వచ్చేసరికి అక్క బట్టలు సర్దుతోంది.

"నన్నడిగింటే నేనే ఇప్పించేదాన్ని కదక్కా. నన్నెందుకు ఆపితివి?"

"నీకు ఇంకోటి వస్తుందే. నాకిదే ఆఖరి అవకాశం," అంది, నా వైపు చూడకుండా.

ఆవిడ పాసిర్ రిస్‌కు మారిపోయింది. ప్రయోగం నేనొక్కదాన్నే మూడేళ్ళకు ముగించాను. పరిశోధన పత్రం మీద ఆవిడ పేరు పెట్టడానికి మనసొప్పలేదు, తీసేయడానికి న్యాయం ఒప్పలేదు. చివరికి పెట్టాను. అది చూసి అభినందనలంటూ మెయిల్ పంపింది. నేను జవాబివ్వలేదు.