పౌడరు బాబాయి, ఐదు కుక్కపిల్లలు

“పసిపిల్లలకి పౌడరు రాస్తే తప్పేంటక్కా?”

“పసిపిల్లలకి రాయి, ఎవరొద్దన్నారు? కుక్కపిల్లలకి రాస్తార్రా ఎవరైనా! నీ మొహం మండ!”

సెలూన్ వెనక గదిలో అక్కాతమ్ముళ్లు పోట్లాడుకుంటున్నారు. ముందు గదిలో కుర్చీ మీద నేను. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురుగు. ఆ అవతారంతో వీధిలోకి పోలేను, కూర్చుంటే నురుగు ఎండిపోతోంది. మెడకు గుడ్డతోనే లేచి వెనక్కి వెళ్లాను.

తమ్ముడు యాభై ఎనిమిదేళ్ల మనిషి. అందరికీ పౌడరు బాబాయి. ముప్ఫై ఏళ్లుగా ఆ కుర్చీ దిగిన ఏ మెడా పౌడరు లేకుండా గుమ్మం దాటలేదు. వద్దంటే వినడు. “పని అయిపోయిందని మెడకి తెలియాలి కదా” అంటాడు. ఒకసారి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడి మెడకి కూడా కొట్టి పంపాడు. పాపం, అతనికి బట్టతల. అక్క పక్క గదిలో బట్టలు కుడుతుంది, మధ్యమధ్యలో తమ్ముణ్ణి తిడుతుంది. రెండూ చక్కగా చేస్తుంది.

మూడు రోజుల కిందట ఒక వీధికుక్క వచ్చి పాత తువ్వాళ్ల బుట్టలో ఈనింది. ఐదు పిల్లలు. పిలిస్తే పలకదని దానికి అక్క మేడమ్ అని పేరు పెట్టింది. మొదటి రోజంతా మేడమ్ బుట్ట దిగలేదు, పెట్టింది ముట్టలేదు. పిల్లల చుట్టూ వంపు తిరిగి పడుకుని, ఒక్కోదాన్ని ముక్కుతో పాల దగ్గరికి నెట్టేది. పొట్ట కింద అది నాకితేనే పిల్లలు ఉచ్చ పోస్తాయి, వాటంతట అవి పోసుకోలేవు. ఆ తడి కూడా అదే నాకేసేది. బాబాయి బుట్ట ముందు గొంతుక్కూర్చుని చూసి చూసి, “ముప్ఫై ఏళ్లయినా నాకు ఈ శుభ్రం రాలేదక్కా” అన్నాడట.

ఇవాళ నా గడ్డం సగంలో ఉండగా మేడమ్ వీధిలోకి వెళ్లడం చూశాడు. “ఒక్క నిమిషం” అని డబ్బా పట్టుకుని మాయమయ్యాడు. ముద్దొచ్చి ఐదింటికీ పూసేశాడు.

నేను వెళ్లేసరికి మేడమ్ తిరిగొచ్చి బుట్ట వాసన చూసింది. తుమ్మింది. మళ్లీ చూసింది, మళ్లీ తుమ్మింది. ఆ తర్వాత కుట్టుమిషను కిందా, జుట్టు గోతాం వెనకా వెతకడం మొదలుపెట్టింది. తన పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయి తెల్లటి దొంగ పిల్లల్ని పడేశారనుకుంది కాబోలు. బుట్టలో ఐదూ ఆకలికి కీచుకీచుమంటున్నాయి.

“చంపేశానా అక్కా?” బాబాయి కళ్లు తుడుచుకున్నాడు.

“ఏడవకు. అది పడుకున్న తువ్వాలుతో తుడువు.”

బాబాయి చెయ్యి చాపగానే మేడమ్ పళ్లు చూపించింది. ఆ చేతిలో ముప్ఫై ఏళ్ల పౌడరుంది. అక్క చేతులకి మిషను నూనె. ఇద్దరూ నా వైపు తిరిగారు.

“స్నానం చేశావా అబ్బాయ్?” అంది అక్క.

“లేదు.”

“ఎప్పట్నుంచి?”

“మొన్నట్నుంచి.”

“భేష్!”

కాలేజీ మానేశాక నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. అక్క నా నురుగు తుడిచేసి, “మొహం మాత్రం దాని వైపు తిప్పకు, సబ్బు కంపు” అంది. మెడ వెనక్కి తిప్పి, మురికి తువ్వాలుతో ఒక్కో పిల్లనీ రుద్దాను. గోడని చూస్తూ కుక్కపిల్లని రుద్దడం అంత తేలికేం కాదు. ఒకటి నా బొటనవేలు పట్టుకుని చీకడం మొదలెట్టింది. చక్కిలిగింతకి నేను పకపకా నవ్వాను, అక్క నవ్వింది, బాబాయి ఏడుస్తూ నవ్వాడు.

మేడమ్ వచ్చి నా చెయ్యి వాసన చూసింది. తుమ్మలేదు. బుట్టెక్కి ఒక్కోదాన్నీ వెల్లకిలా తిప్పి నాకింది, అనుమానం తీరక ఇంకోసారి నాకింది. ఒరిగి పడుకుంది. ఐదు నోళ్లూ అంటుకున్నాయి. చప్ చప్ చప్.

బాబాయి అక్కని రెండు చేతులా పట్టుకుని గిర్రున తిప్పేశాడు. “వదలరా, నడుం పట్టేస్తుంది!” అని అరుస్తూనే ఆవిడ మూడు చుట్లు తిరిగింది. ఆగగానే పౌడరు డబ్బా లాక్కుని తన గదిలో పెట్టి తాళం వేసింది.

బాబాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. “రోజూ పొద్దున్నే వచ్చి బుట్టలో తువ్వాళ్లు మార్చిపో నాయనా. నా చేతిని అది ఇక రానివ్వదు.” సరేనన్నాను. ఆయన వదల్లేదు.

“ఇంకొక్క మాట, కాదనకు. అవి కళ్లు తెరిచేదాకా స్నానం చెయ్యకు.”