జనానా పర్దా, ఆఖరి రీలు

బాలమ్మకు సినిమాలంటే ప్రాణం. సినిమా చూడవచ్చేవాళ్ళంటే మాత్రం ఒళ్ళు మంట.

సికింద్రాబాదులో మోండా మార్కెట్ వెనక ఉన్న రేకుల టాకీసులో ఎనిమిదేళ్ళుగా ఆమెది పర్దా లాగే పని. మేడమీద ఘోషా ఆడవాళ్ళు కూర్చునే జనానా ఉండేది. దానికీ హాలుకూ మధ్య ఆకుపచ్చ పర్దా వేలాడేది. హాల్లో దీపాలు ఆరగానే బాలమ్మ దాన్ని తీయాలి, దీపాలు వెలిగేలోపు మూయాలి. ఈ రెండు పనుల మధ్య చంటిపిల్లల ఏడుపులు, మరచెంబుల చప్పుడు, కాలు తొక్కావంటే నువ్వే తొక్కావనే తగాదాలు, నేలంతా పల్లీల పొట్టు. "జెర నోర్లు మూసుకోండ్రి తల్లీ! ఆ తెల్లోడు ఏమంటున్నడో ఇననియ్యుండ్రి!" అని బాలమ్మ అరిచేది. తెల్లోడు మాట్లాడేది ఇంగ్లీషనీ, విన్నా తనకొక్క ముక్క అర్థం కాదనీ ఆమె లెక్కపెట్టుకునేది కాదు.

తిరుమలగిరి దండులోని సోల్జర్ల కోసం ఆ టాకీసులో ఇంగ్లీషు పిక్చర్లే ఎక్కువగా ఆడేవి. మాటలు తెలియకపోతేనేం, బాలమ్మ వాటన్నిటినీ నాలుగు రకాలుగా విడదీసుకుంది. దయ్యాల పిక్చర్లు, హంతకుణ్ణి పట్టుకునే జాసూసీ పిక్చర్లు, ఎలుగుబంటి గొడుగు పట్టుకుని గంతులేసే కార్టూను బొమ్మల రీళ్ళు. నాలుగోది లోకజ్ఞానం రీళ్ళు. ఏనుగుల్ని ఎలా పడతారు, చాయ్ ఆకు ఎలా కోస్తారు వంటివన్నీ అందులో చూపిస్తారు. నాలుగూ ఆమెకు ఇష్టమే. ఏ శుక్రవారం ఏది వచ్చిందో ఘోషా ఇళ్ళకు కబురు చెప్పడం కూడా ఆమె పనే. గోడల మీది పోస్టర్లు ఆ ఆడవాళ్ళ కంటపడవు కాబట్టి, సీతాఫల్‌మండి నుంచి మోండా దాకా తలుపు తలుపుకీ వెళ్ళి, "ఈ వారం దయ్యం పిక్చరమ్మా, గుండె గట్టిగున్నోళ్ళే రండ్రి" అని కేకేసి వచ్చేది.

ఇంత సినిమా పిచ్చి ఉన్న మనిషి ఎనిమిదేళ్ళలో ఒక్క పిక్చర్ ముగింపు కూడా చూడలేదంటే ఎవరూ నమ్మరు. ఆపరేటర్ సదాశివ ఆఖరి రీలు ఎక్కించగానే గంట కొట్టేవాడు. గంట మోగితే బాలమ్మ వెళ్ళి తాడు పట్టుకోవాలి. ఆ తాడు కట్టిన చోటు ఒక లావుపాటి స్తంభం వెనక ఉంది. అక్కడినుంచి తెర కనబడదు. హత్య చేసిందెవరో తేలే సమయానికి ఆమె కళ్ళ ముందుండేవి కింద కూర్చున్నవాళ్ళ రూమీ టోపీలూ, బట్టతలలూ.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక్కసారి గంటను లెక్కచేయకుండా కూర్చుంది. హంతకుడు తలుపు చాటునుంచి బయటికి వస్తుండగా తటాలున దీపాలు వెలిగాయి. పర్దా తెరిచే ఉంది. ఆడవాళ్ళు గోలగోలగా బెంచీల కింద దూరారు, ఒకావిడ మూర్ఛపోయింది, కింద మగవాళ్ళంతా మెడలు తిప్పి చూశారు. ఆ అవమానం తలుచుకుంటే ఇప్పటికీ బాలమ్మకు చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు నుంచి గంట మోగాక దేవుడే వచ్చి పిలిచినా తాడు వదిలేది కాదు.

ఖుర్షీదా లేకపోతే ఆమె ఎప్పుడో ఆ ఉద్యోగం మానేసి ఉండేది. ఖుర్షీదా సీతాఫల్‌మండిలోనే, బాలమ్మ ఇంటికి రెండు గల్లీల అవతల ఉండే దర్జీ హనీఫ్ భార్య. వారానికో పిక్చర్ చూడకపోతే ఆమెకు తోచదు. ఆట అయ్యాక మగవాళ్ళంతా వెళ్ళి గల్లీ ఖాళీ అయ్యేదాకా ఆడవాళ్ళు మెట్ల మీదే కాచుకుని ఉండాలి. అప్పుడు బాలమ్మ ఆమె పక్కన చతికిలబడి, "ఏమైంది? ఆఖరుకు ఏమైంది?" అని పట్టుకునేది. ఖుర్షీదా పూసగుచ్చినట్టు చెప్పేది. ఆమె చెప్పిన ముగింపులు విని బాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకున్న రోజులు ఎన్నో.

సెప్టెంబరులో ఒక శుక్రవారం కొత్త జాసూసీ పిక్చర్ షురూ అయింది. పెద్ద బంగళాలో ముసలి దొరసాని గొంతు ఎవరో నులిమేస్తారు. మేనకోడలి మీద అనుమానం, తోటమాలి మీద అనుమానం. శనివారం నాడు ఖుర్షీదా మెట్ల మీద చెప్పింది: చంపింది డాక్టరు. మేనకోడలి మీది ప్రేమతో చంపాడు. ఆ పిల్లకు అంతా చెప్పేసి, వాగులో దూకాడు. పిల్ల ఒడ్డున కూర్చుని ఒక్కొక్క పువ్వే నీళ్ళలో వేసింది. బాలమ్మ నాలుగు రోజులు ఆ డాక్టరును తలుచుకుని ఏడ్చింది. ఆ నాలుగు రోజుల్లోనే పోలీసు యాక్షన్ మొదలైంది, టాకీసు మూతపడింది. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు, మర్నాడు భారత సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది.

దసరా ఇంకా పది రోజులుందనగా టాకీసు మళ్ళీ తెరిచారు. కర్ఫ్యూ కారణంగా రోజూ మధ్యాహ్నం ఆట ఒక్కటే. రైళ్ళు సరిగా నడవక బొంబాయి నుంచి కొత్త రీళ్ళ పెట్టెలు రాలేదు. ఆ జాసూసీ పిక్చరూ, ఒక పాత దయ్యం పిక్చరూ, చాయ్ తోటల రీలూ, ఎలుగుబంటి బొమ్మల రీళ్ళూ తప్ప టాకీసులో ఇంకేమీ లేవు. కింద హాలు కొత్తగా వచ్చిన సోల్జర్లతో నిండింది. మేడమీద ఒక్క ఆడమనిషి లేదు.

శనివారం ఆఖరి గంట మోగింది. బాలమ్మ అలవాటుగా స్తంభం వెనక్కి వెళ్ళి తాడు పట్టుకుంది. ఎవరికోసం మూయాలి? ఖాళీ బెంచీలకా? తన మీద తనకే చిరాకేసి, వచ్చి ముందు బెంచీలో దర్జాగా కూర్చుంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆఖరి రీలు మొత్తం చూసింది. చూసి నోరు తెరిచింది.

చంపింది డాక్టరు కాదు. మొదటినుంచీ మూలన నిలబడి కారు తుడుస్తుండే డ్రైవరు. పోలీసులు వచ్చి వాణ్ణి మోటారెక్కించి తీసుకుపోయారు. డాక్టరు టోపీ పెట్టుకుని గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు. వాగూ లేదు, పువ్వులూ లేవు. ఆదివారం మళ్ళీ చూసింది. అప్పుడూ డ్రైవరే.

"ఎనిమిదేండ్ల సంది నాకు చెవుల పూలు పెట్టిందా!" అని బాలమ్మ పళ్ళు నూరింది. ఖుర్షీదా కనబడితే జుట్టు పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. తీరా ఆమె కనబడదాయె.

సోమవారం పొద్దున మేనేజరు దేవానందం పిలిచి, "బాలమ్మా, మేడమీద బెంచీలు ఊరికెనే పడి ఉన్నయ్. గురువారం దాకా చూస్త. ఒక్క టికెట్టన్న తెగకపోతే పర్దా పీకేసి మొగోళ్ళకే ఇస్త. ఆడోళ్ళకు ఏ పిక్చర్ కావాల్నో నువ్వే చెప్పు, అదే నడిపిద్దాం" అన్నాడు.

బాలమ్మ అప్పుడే బయల్దేరి తలుపు తలుపుకీ తిరిగింది. కొందరు లోపలినుంచే "మా ఆయన వద్దంటున్నడు" అన్నారు, కొందరు "కొన్నాళ్ళు పోనీ" అన్నారు. ఖుర్షీదా ఇంట్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తలుపుకు బయట తాళం లేదు, లోపలి గడియ వేసి ఉంది. ఎప్పుడూ గల్లీ చివరిదాకా వినిపించే కుట్టుమిషను చప్పుడు లేదు. హనీఫ్ ఏడాదిపాటు రజాకార్లకు ఖాకీ చొక్కాలు కుట్టాడు. గుడ్డ ఎవరు తెచ్చినా కుట్టడమే దర్జీ పని, కాని రజాకార్లకు పనిచేసినవాళ్ళను పోలీసులు పట్టుకుపోతున్న ఈ రోజుల్లో ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఆ తలుపు ముందు నిలబడితే బాలమ్మకు భయం వేసింది. భయం వేస్తే ఆమెకు కోపం వస్తుంది.

"ఖుర్షీదా బీ! నేను, బాలమ్మను. నీ కోసం దయ్యం పిక్చర్ పెట్టిచ్చిన. పొద్దుగూకకముందే ఇంటికాడ దించుత. రా!"

దయ్యం పిక్చర్ ఖాళీ బెంచీలకే ఆడింది. మంగళవారం మళ్ళీ వెళ్ళి, "ఇయ్యాల చాయ్ తోటల రీలు. అది షురూ గాంగనే నీకు నిద్రొస్తదని తెలుసు. నిద్రపొయ్యేటందుకన్న రా, ఎవ్వరద్దన్నరు?" అంది. బుధవారం, "ఎలుగుబంటి బొమ్మలు! మూడుసార్లు నడిపియ్యమన్న. గా సదాశివ నా మీద కస్సుమన్నడు, అది సుత నీ కోసమే పడ్డ" అంది. తలుపు తలుపులాగే ఉంది. అసలు లోపల మనుషులున్నారా? ఉండే మాట్లాడడం లేదా?

గురువారం పొద్దున ఆమె ఓపిక పూర్తిగా నశించింది. రెండు చేతులా తలుపు బాదింది.

"ఓ అబద్దాలకోరుదానా! డాక్టరు సంపిండంటివి, వాగుల దుంకిండంటివి! నాలుగొద్దులు ఏడిస్తి నేను వానికోసం! వాడు సావనే లేదు! టోపీ పెట్టుకొని ఇకిలిచ్చుకుంట నిలవడ్డడు! నా కండ్లతోని చూసిన. ఎనిమిదేండ్లు గిట్లనే చెప్పినవా నాకు? గా దయ్యాలు సుత ఉత్తయేనా? సంపింది డాక్టరు కాదే, కానే కాదు!"

ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. బాలమ్మకు ఆయాసం వచ్చింది. కాసేపటికి తలుపు అవతలినుంచి సన్నగా ఒక గొంతు అడిగింది.

"మరెవడు సంపిండక్కా?"

బాలమ్మ గడప మీద కూలబడింది. మనిషి బతికే ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాంతో ఇంకా కోపం వచ్చింది.

"నేనెందుకు చెప్త? టికెట్ కొనుక్కొని వచ్చి చూడు. నువ్వు చూసిందుంటే గద! చూడకుండనే గన్ని ముచ్చట్లెట్ల చెప్పినవే?"

"ఆఖరుకు నాకు భయమైతదక్కా. మొఖం మీద నకాబు దించుకొని కండ్లు మూసుకుంట. నువ్వేమో చూడనీకి లేదని అంత పరేషాన్ అయితవ్. అడిగితే తెల్వదని ఎట్ల చెప్పాలె? నాకు తోచింది చెప్పిన."

"ఇయ్యాల అదే నడిపిస్తున్నం. ఆఖరి దినం. వస్తవా, రావా?"

"ఈయన్ను ఒక్కన్ని ఇడిసి ఎట్ల రావాలె? బూట్ల చప్పుడైతే చాలు, మంచం కిందికి దూరుతున్నడు."

లోపలి గదిలోంచి హనీఫ్ గొంతు విసుగ్గా వినిపించింది. "పోరాదు! మూడు వారాల సంది అదే పిక్చర్ ముచ్చట చెప్తున్నవ్. ఎవడు సంపిండో చూసొచ్చి నాకు సుత చెప్పు."

మధ్యాహ్నం మేడమీద ఒకే ఒక్క బురఖా కూర్చుంది. దేవానందం మెట్ల దగ్గరికి వచ్చి, "ఒక్క మనిషికి పర్దానా?" అని గొణిగాడు. "ఒక్క టికెట్టంటివి, ఒక్కటి తెగింది. పర్దా ఉంటది" అంది బాలమ్మ. ఆయన కిందికి దిగిపోయాడు.

గంట మోగింది. బాలమ్మ లేచి స్తంభం వెనక్కి వెళ్ళి తాడు పట్టుకుంది. అక్కడినుంచి తెర కనబడదు గాని ఖుర్షీదా కూర్చున్న బెంచీ కనబడుతుంది. ఆమె చెయ్యి మెల్లగా నకాబు మీదికి పోతోంది.

"కండ్లు మూసినవంటే సంపుత!" అంది బాలమ్మ.

ఖుర్షీదా నకాబు పూర్తిగా పైకెత్తేసింది. తెర మీది వెలుగు ఆమె ముఖం మీద పడింది. మూడు వారాల్లో బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళ కింద నల్లబడింది. కళ్ళు మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాయి. బాలమ్మ ఆ ముఖాన్నే చూస్తూ నిలబడి, వేళకు సరిగ్గా తాడు లాగింది. పర్దా మూసుకున్నాక దీపాలు వెలిగాయి.

సోల్జర్లు వెళ్ళేదాకా ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"చూసినవా?" అంది బాలమ్మ.

"చూసిన. డ్రైవరా! వానికోసమా నన్ను ఇంతదూరం గుంజుకొచ్చినవ్? వాడెవడో ఎవ్వలికన్న యాదుంటదా? నేను చెప్పిందే మంచిగుండె."

బాలమ్మకు ఒళ్ళు మండింది, ఎందుకంటే శనివారం నుంచి తనకూ అదే అనిపిస్తోంది. "సరే తీయ్. ఇంటికి పోయి హనీఫ్‌కు చెప్పుపో, డ్రైవర్ అని."

ఖుర్షీదా బురఖా అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"మూలకు నిలవడి తన పని తాను చేసుకునేటోన్ని పోలీసులొచ్చి మోటారెక్కించిండ్రని ఆయనకెట్ల చెప్పాలక్కా? ఇయ్యాల రాతిరన్న ఆయన కంటికి నిద్రొస్తదేమో అనుకుంటున్న. డాక్టరే అని చెప్త. వాగుల దుంకిండని చెప్త."

గల్లీ ఖాళీ అయింది. బాలమ్మ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. కింది మెట్టు దగ్గర ఆగి, విసుక్కుంటున్నట్టే అంది:

"దుంకి సచ్చిండని చెప్పకు. ఈతకొట్టుకుంట అవుతలి ఒడ్డుకు పోయిండని చెప్పు."