వంపులో అట్టముక్క

లీసెస్టర్‌లో నేను అద్దెకున్న ఇంట్లో మెట్ల కింద ఒక అల్మారా ఉంది. పోయిన చలికాలం ఇంటి అంకుల్ అందులోని ఊడ్చే మిషను హూవరూ వానకోట్లూ బయటికి చేర్చి, నడుమెత్తున ఒక చెక్క బిగించారు. ఇస్త్రీ బల్ల కంటే కాస్త వెడల్పు. దాని మీద బొమ్మ రైలుకు లైను వేయడం మొదలుపెట్టారు. రెండు పట్టాల మధ్య ఎడం నా చిటికెన వేలంత. వాడిన టీపొడి ఆరబెట్టి చల్లితే అది మన నేల, పళ్లపుల్లకు పచ్చ కాగితం చుట్టి కత్తిరిస్తే తాటిచెట్టు.

అంకుల్ ఒకప్పుడు గుంటూరు వైపు రైల్వేలో కీమ్యాన్. భుజాన సుత్తి పెట్టుకుని రోజూ తన సెక్షను పొడవునా నడిచి, పట్టాలను పట్టి ఉంచే ఇనుప బిగింపులు, 'కీ'లు, వదులైతే బిగించడం ఆయన పని. ఆంటీకి ఇక్కడ నర్సు ఉద్యోగం వచ్చాక అది వదిలి వచ్చారు. ఇప్పుడు వేర్‌హౌస్‌లో, ఆయన వయసులో సగం లేని సూపర్‌వైజరు పెట్టె ఎలా ఎత్తాలో చూపిస్తాడు. ఇంట్లో కూతురు ఆయన ఇంగ్లిష్ దిద్దుతుంది. మెట్ల కింద మాత్రం ఆయనకు ఎవరూ ఏమీ నేర్పనక్కర్లేదు.

ఒక సాయంత్రం నేను ప్లేటు కడుక్కుని చప్పుడు చేయకుండా నా గదికి పోతుంటే పిలిచారు. "అమ్మా, నీ వేళ్లు సన్నంగా ఉన్నాయి. పట్టాల కింద ఈ స్లీపరు చెక్కల మధ్య కంకర సర్దు."

అలా చేరాను. ఆయన మాట్లాడరు, నేనూ మాట్లాడను. నాకు అంతకంటే హాయి లేదు. ఆంటీ డ్యూటీ నుంచి వచ్చి తొంగిచూసేది. "ఏంటి మీరిద్దరూ, ఉపవాస ప్రార్థనలో ఉన్నారా? నోరు తెరవరు!"

లైను పూర్తయ్యాక రైలు నడిపితే పడిపోయింది. ఎత్తి పెడితే మళ్లీ పడింది. అంకుల్ చక్రాలు తుడిచారు, చెంచా కాడతో పట్టాలను తట్టి చెవి పెట్టి విన్నారు. నేను రైలు పడిన చోటల్లా డైరీలో రాసుకున్నాను. నాలుగు రోజులకే తెలిసింది, ప్రతిసారీ ఒకటే చోటు. అల్మారా గోడకున్న గ్యాస్ మీటరు దగ్గర, వంపు మొదలయ్యే చోట.

అసలు లైన్లో వంపు దగ్గర బయటి పట్టా కాస్త ఎత్తుగా ఉంటుందట. అంకుల్ ఇక్కడా అలాగే, సీరియల్ డబ్బా అట్టముక్క మడిచి బయటి పట్టా కింద పెట్టారు. అరచేతిలో పట్టే రైలుకు ఆ ఎత్తు అవసరం లేదు, పైగా పట్టా ఉన్నట్టుండి మెలి తిరిగి చక్రం లేచిపోతోంది. పని తెలియనివాడికి ఆ అట్ట పెట్టాలని తోచేదే కాదు. ఆ మాట ఆయనతో ఎలా అనను? మూడు వారాలు అనలేదు.

ఒక శుక్రవారం రైలు మళ్లీ పడ్డాక ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. "ఇన్నేళ్లు పట్టా మీద నడిచినోణ్ణి. బొమ్మ రైలు నిలబెట్టలేకపోతున్నా. నా చెయ్యి పోయిందమ్మా. ఆదివారం చర్చి అయ్యాక పీకేద్దాం."

శనివారం ఆయన షిఫ్టులో ఉండగా చిమటాతో ఆ అట్ట లాగేశాను. రైలు పడకుండా పదకొండు చుట్లు తిరిగింది.

ఆదివారం, పీకే ముందు చివరిసారి నడిపి చూద్దామన్నారు. అలవాటు ప్రకారం ముందు లైనంతా వేలితో తడిమారు. గ్యాస్ మీటరు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ ఎవరు చెయ్యి పెట్టారు?"

వంటగదిలోంచి ఆంటీ అంది, "నేను కాదయ్యా. నా హూవరునే రానివ్వరుగా అందులోకి!"

"నేనే అంకుల్. నిన్న."

"కీమ్యాన్‌కి చెప్పకుండా పట్టా కదిలిస్తే, ఆ వెనకొచ్చే బండి ఏం కావాలమ్మా?"

నేను చిమటా తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఎందుకు తీశావో చెప్పు," అన్నారు. చెప్పాను, తడబడుతూ, డైరీ సంగతితో సహా.

"ఎన్నాళ్లనుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాలు నన్ను చెంచాతో కొట్టుకోనిచ్చావా!"

ఆంటీ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. వంపు మీద వేలు పెట్టారు. "అసలు లైన్లో ఆ ఎత్తు ఒక్కసారిగా రాదు. వంపుకి చాలా ముందునుంచే కొంచెం కొంచెంగా లేపుతాం. ఇంత చిన్న చోటులో ఎక్కడ లేపను?"

అటు చివర రెండో వంపు కిందా అట్ట ఉంది. స్టేషను పక్కనే కాబట్టి అక్కడ రైలు మెల్లగా పోతుంది, ఇంకా పడలేదు. ఆయన చిమటా తీసుకుని ఆ వైపు వంగారు.

"పని మొదలుపెట్టే ముందు బండి ఆపామని చెప్పాలి. చెప్పు."

"ఎవరికి అంకుల్?"

"నాకే."

"బండి ఆపాం."

"గట్టిగా. లైను అవతలోడికి వినపడొద్దూ?"

"బండి ఆపాం!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు.

"ఆపారుగా, అన్నానికి రండి మరి!" అంది ఆంటీ.

"ఒక్క నిమిషం," అన్నారు అంకుల్. నేను పట్టా పట్టుకున్నాను. ఆయన అట్ట లాగారు.