ప్రాసెసర్‌కు మారుపేరు

ఆఫీసు అవసరానికి లాప్‌టాప్‌లోని వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించే ఉత్తుత్తి కంప్యూటర్‌లో, ఒక పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నాను. ఈ ప్రాసెసర్ తనకు తెలియదంటూ అది రెండు రోజులుగా మధ్యలోనే ఆగిపోతోంది. విసిగిపోయి, సెట్టింగుల్లో ప్రాసెసర్‌కు ఏదో పాత మోడల్ పేరు తగిలించాను. నోరెత్తకుండా ఎక్కింది.

పక్కన మా నాన్న ఉన్నాడు. మందమర్రి బొగ్గుబాయిలో, అప్పట్లో చాలామందిలాగే, వేరొకరి పేరు మీద చేరాడు. రిటైరయ్యేదాకా ఆ పేరుకే హాజరు పలికాడు.

"ఏం జేసినవ్?" అని అడిగాడు.

"పేరు మార్చిన బాపూ. లోపలున్నది గదే ప్రాసెసర్."

తెర మీది ఆ పేరును కూడబలుక్కుని చదివాడు.

"నన్ను గన్న అవ్వ సచ్చిపోయినంక నా పేరుతోని ఎవ్వలు పిలువలే," అన్నాడు.